పలుచని గాలిలో స్కీ శిక్షణ

ప్రతి సంవత్సరం జనవరి, ఫిబ్రవరి నెలలలో దేశం నలుమూలల నుండి యువతీ యువకులు స్కీయింగ్ నేర్చుకొనే నిమిత్తం కాశ్మీరులోని గుల్‌మర్గ్‌కు, ఉత్తరాఖండ్‌లోని ఔలీకి, హిమాచల్ ప్రదేశ్‌లోని సోలంగ్ లోయకు చేరుకొంటారు. వీరిలో మైదాన ప్రాంతాల నుండి వచ్చినవారు చాలామంది మంచును మొదటిసారి చూసేవారే. తమ కళాశాల మైదానంలో ఐదు కిలోమీటర్లు అలవోకగా పరుగెత్తగల యువకుడు సైతం అక్కడ స్కీలను భుజాన వేసుకొని వంద అడుగులు వాలు ఎక్కేసరికి రొప్పుతూ నిలబడిపోతాడు. అతని పక్కనే స్థానిక గ్రామాల బాలురు నవ్వుతూ పైకి సాగిపోతారు. ఈ దృశ్యాన్ని చూసి ఆ యువకుడు తనలో సత్తువ లేదనుకొంటాడు. శిక్షకుడు కూడా అలాగే అనుకొంటే నష్టం మరింత పెద్దది. ఎందుకనగా ఇటువంటి శిబిరాలు సాధారణంగా రెండు వారాలకు మించవు. మొదటి మూడు నాలుగు రోజులలో కనిపించిన బలహీనతను బట్టి ఒకరి శక్తిని నిర్ణయించినట్లయితే, ఆ నిర్ణయం క్రీడాకారుని గూర్చి కాదు, గాలిని గూర్చి అవుతుంది.

హిందీలో ఈ స్థితిని ‘దమ్ ఫూల్నా’ అంటారు. ఊపిరి ఉబ్బడం అని దాని వాచ్యార్థం. మన భాషలోని ‘ఆయాసం’, ‘ఎగశ్వాస’ అనే మాటలు దానికి దగ్గరగా ఉన్నవి. ‘దమ్ము’ అనే మాటను ఊపిరికీ, ధైర్యానికీ కూడా మనం వాడుతూనే ఉన్నాం. కాని ఎత్తైన చోట దమ్ము చాలకపోవడానికి ధైర్యంతో నిమిత్తం లేదు. దాని కారణం భౌతికశాస్త్రంలో ఉన్నది.

గాలి బరువు

గాలికి బరువున్నదని ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు టారిసెల్లి 1643లో పాదరసపు గొట్టం సహాయంతో నిరూపించాడు. సముద్రమట్టం వద్ద గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసపు ఎత్తుకు సమానం. పైకి పోయినకొద్దీ మన తలపై నున్న గాలి తగ్గుతుంది, పీడనమూ తగ్గుతుంది. ఇక్కడ ఒక అపోహను తొలగించుకోవాలి. కొండమీద గాలిలో ప్రాణవాయువు పాలు తగ్గదు. విశాఖపట్నం సముద్రతీరంలోనైనా, ఎవరెస్టు శిఖరం పైననైనా గాలిలో ప్రాణవాయువు సుమారు 21 శాతమే. తగ్గేది దాని పీడనం. ఊపిరితిత్తుల నుండి రక్తంలోనికి ప్రాణవాయువును తోసేది ఆ పీడనమే గనుక, అది తగ్గినప్పుడు ఒక్కొక్క ఊపిరికి రక్తానికి అందే ప్రాణవాయువు తగ్గిపోతుంది. ఎత్తైన చోట్ల కలిగే అస్వస్థతకు మూలం ఇదేనని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో ప్రకటించిన తన గ్రంథంలో స్థాపించాడు. అంతకు ముందు ఆ అస్వస్థతను ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క దానికి, విషపు మొక్కల వాసనకో, దేవతల ఆగ్రహానికో, అంటగట్టేవారు.

గుల్‌మర్గ్ సంగతే తీసుకొందాం. శ్రీనగర్ సముద్రమట్టానికి సుమారు 1,585 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి నుండి తంగ్‌మర్గ్ మీదుగా సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, 2,650 మీటర్ల ఎత్తున గుల్‌మర్గ్ పచ్చిక మైదానం వస్తుంది. ‘గుల్’ అంటే పువ్వు, ‘మర్గ్’ అంటే కొండలలోని పచ్చిక బయలు. ఆ పూల మైదానం చలికాలంలో నిలువెత్తు మంచుతో నిండిపోతుంది. అక్కడి నుండి రెండు అంచెల గొండోలా, అనగా తీగెలపై సాగే పెట్టెబండి, మొదట కొంగ్‌డూరీకి, తరువాత అఫర్వత్ పర్వతపు భుజం మీదికి, దాదాపు 3,980 మీటర్ల ఎత్తుకు తీసుకొనిపోతుంది. మొదటి అంచె 1998లోను, రెండవ అంచె 2005లోను ప్రారంభమైనవి.

ఇప్పుడు లెక్క చూడండి. సముద్రమట్టం వద్ద 760లో 21 శాతం, అనగా సుమారు 160 మిల్లీమీటర్లు ప్రాణవాయువు పీడనం. శ్రీనగర్‌లో గాలి పీడనం సుమారు 630, అందులో ప్రాణవాయువుది 132. గుల్‌మర్గ్‌లో గాలి పీడనం దాదాపు 550, ప్రాణవాయువు 115. అఫర్వత్ గొండోలా చివర గాలి పీడనం సుమారు 465, ప్రాణవాయువు 97 లేక 98. అంటే సముద్రతీరంలో నూరుపాళ్లు ఉన్నది గుల్‌మర్గ్ చేరేసరికి 72 పాళ్లకు, గొండోలా దిగేసరికి 61 పాళ్లకు పడిపోయిందన్నమాట. ఈ రెండవ మార్పు కొద్ది నిమిషాలలో జరిగిపోతుంది. కాలినడకన ఎక్కినట్లయితే దేహం దారిలోనే మనలను హెచ్చరిస్తుంది. పెట్టెబండిలో కూర్చున్నవానికి ఆ హెచ్చరిక అందదు.

మెక్సికో చెప్పిన పాఠం

ఎత్తైన చోట్లు ఆటలను ఎలా మార్చివేస్తాయో ప్రపంచానికి తెలియజేసినది 1968లో మెక్సికో నగరంలో జరిగిన ఒలింపిక్ క్రీడోత్సవం. ఆ నగరం 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది, అనగా గుల్‌మర్గ్ కంటె 400 మీటర్లు తక్కువ. అక్కడ రెండు విరుద్ధమైన సంగతులు జరిగినవి. తక్కువ దూరపు పరుగులలోను, దూకుడులోను రికార్డులు వరుసగా బద్దలైనవి. బాబ్ బీమన్ 8.90 మీటర్లు దూకాడు. జిమ్ హైన్స్ 100 మీటర్లను 9.95 సెకండ్లలో, లీ ఎవాన్స్ 400 మీటర్లను 43.86 సెకండ్లలో ముగించారు. పలుచని గాలి ఎదురు తక్కువగా నిలుస్తుంది గనుక కొద్ది సెకండ్ల ఆటలకు అది మేలే చేసింది.

దూరపు పరుగుల కథ వేరు. 10,000 మీటర్ల పరుగులో కెన్యా దేశీయుడు నఫ్తాలీ టెమూ 29 నిమిషాల 27.4 సెకండ్లలో గెలిచాడు. అప్పటి ప్రపంచ రికార్డు 27 నిమిషాల 39.4 సెకండ్లు. అంటే ఒలింపిక్ విజేత రికార్డు కంటె దాదాపు ఒక నిమిషం 48 సెకండ్లు వెనుకబడ్డాడు. ఆ రికార్డు నెలకొల్పిన ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్ ఆరవవాడుగా వచ్చి, గీత దాటగానే స్పృహ కోల్పోయాడు. అతడు సముద్రతీర నగరమైన మెల్బోర్న్‌లో పుట్టి పెరిగినవాడు. మొదటి రెండు స్థానాలలో నిలిచిన టెమూ, ఇథియోపియాకు చెందిన మామో వోల్డే ఎత్తైన పీఠభూముల బిడ్డలు.

ఈ భేదానికి కారణం సులభంగానే తెలుస్తుంది. పది సెకండ్ల పరుగుకు కావలసిన శక్తి కండరంలో ముందే నిలువ ఉంటుంది. అరగంట పరుగుకు ప్రతి క్షణం ప్రాణవాయువు అందుతూ ఉండాలి. దేహం ఒక నిమిషంలో అత్యధికంగా వినియోగించుకోగల ప్రాణవాయువును క్రీడాశాస్త్రంలో ఒక ముఖ్యమైన కొలతగా భావిస్తారు. సుమారు 1,500 మీటర్లు దాటిన తరువాత ప్రతి 100 మీటర్లకు ఈ కొలత దాదాపు ఒక శాతం చొప్పున తగ్గుతుందని స్థూలంగా చెప్పవచ్చు. అనగా గుల్‌మర్గ్‌లో 11, 12 శాతం, అఫర్వత్ పైన దాదాపు నాలుగోవంతు. బాగా తర్ఫీదు పొందిన దూరపు పరుగుల వారిలో ఈ తగ్గుదల ఇంకా తక్కువ ఎత్తులోనే మొదలవుతుంది. మేటి క్రీడాకారుడు కొండమీద ఎక్కువ నష్టపోతాడన్నమాట. శరీర దారుఢ్యం ఉన్నంత మాత్రాన ఎత్తు నుండి రక్షణ లభిస్తుందనే నమ్మకం మన శిబిరాలలో ఇప్పటికీ బలంగా ఉన్నది గనుక దీనిని నొక్కి చెప్పవలసి వస్తున్నది.

స్కీయింగ్‌లో ఏమవుతుంది

స్కీయింగ్ ఒకే ఆట కాదు. క్రాస్‌కంట్రీ స్కీయింగ్ దూరపు పరుగు వంటిది. కాళ్లూ చేతులూ కలిసి పనిచేస్తూ అరగంట, గంట, అంతకు మించి సాగుతుంది. దీనిపై ఎత్తు ప్రభావం నేరుగా పడుతుంది. అందువల్లనే అంతర్జాతీయ స్కీ సమాఖ్య నిబంధనల ప్రకారం క్రాస్‌కంట్రీ పోటీ మార్గంలోని అత్యున్నత స్థానం సాధారణంగా 1,800 మీటర్లకు మించరాదు. మన దేశంలో ఈ క్రీడను అభ్యసించేవారు గుల్‌మర్గ్‌లో అంతకన్న 850 మీటర్ల ఎత్తున పరుగు తీస్తున్నారు. వారి సమయాలను ఐరోపా వారి సమయాలతో పోల్చేటప్పుడు ఈ సంగతిని లెక్కలోకి తీసుకోనివారు వారికి అన్యాయం చేసినట్లే.

ఆల్పైన్ స్కీయింగ్, అనగా నిటారు వాలు మీదుగా జెండా కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగడం, ఇందుకు భిన్నమైనది. స్లాలమ్ పోటీలో ఒక్కొక్క పరుగు ఒక నిమిషానికి కాస్త అటూ ఇటూ, జెయింట్ స్లాలమ్ ఇంకొంచెం ఎక్కువ, డౌన్‌హిల్ సుమారు రెండు నిమిషాలు. ఇంత తక్కువ సమయంలో ప్రాణవాయువు లోటు ఏం చేస్తుందని అనిపించవచ్చు. పైగా గుల్‌మర్గ్ గాలి సముద్రతీరపు గాలికంటె ఐదోవంతుకు పైగా పలుచన. దిగేవాని వేగం అందువల్ల కొంత పెరుగుతుంది కూడా. వేగం పెరిగితే మలుపు ముందుగా తీసుకోవాలి. తప్పు దిద్దుకోవడానికి వ్యవధి తగ్గుతుంది.

అయితే అసలు చిక్కు పరుగులో కాదు, పరుగుకూ పరుగుకూ మధ్య ఉన్నది. మలుపు తిరిగేటప్పుడు స్కీ క్రీడాకారుడు మోకాళ్లు వంచి, తొడ కండరాలను గట్టిగా బిగించి ఉంచుతాడు. అలా బిగిసిన కండరంలోని సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తప్రవాహం తాత్కాలికంగా మందగిస్తుంది. అంటే సముద్రమట్టం వద్దనైనా ఆ నిమిషం పాటు కండరం ప్రాణవాయువు లోటులోనే, తన సొంత నిలువతోనే పనిచేస్తుంది. ఆ నిలువను తిరిగి నింపుకోవడానికి మాత్రం ప్రాణవాయువు కావాలి. మైదానంలో కొద్ది నిమిషాలలో తీరే అప్పు కొండమీద ఇంకా ఎక్కువసేపు పడుతుంది. మొదటి పరుగు చక్కగా వస్తుంది, రెండవదీ వస్తుంది. ఆరవ పరుగులో తొడలు వణుకుతాయి, ఎనిమిదవ పరుగులో స్కీ అంచు పట్టు తప్పుతుంది. అలసిన కాలితో దిగే చివరి పరుగులే మోకాలి గాయాలకు తావిస్తాయని ప్రతి అనుభవజ్ఞుడైన శిక్షకునికి తెలుసు. కావున ఎత్తైన చోట శిక్షణ ఇచ్చేవారు ఒక్కొక్క పరుగును తేలిక చేయడం కంటె పరుగుల సంఖ్యను తగ్గించి, నడుమ విరామాన్ని పెంచడం మంచిది. కొత్తవారి విషయంలో మరొకటి కూడా ఉన్నది. తొలి రోజులలో వారు గొండోలా ఎక్కరు. పిల్లవాలు మీద స్కీలతో పక్కకు అడుగులు వేస్తూ ఎక్కుతారు, దిగుతారు, పడతారు, లేస్తారు. పడి లేవడం ఎంత శ్రమయో స్కీలు కట్టుకొని పడినవారికే తెలుస్తుంది. నిపుణుని కంటె నేర్చుకొనేవాడే ఎక్కువ ప్రాణవాయువును ఖర్చు చేస్తాడు.

ఐరోపాలోని ఆల్పైన్ జట్లు వేసవిలో హిమానీనదాలపై అభ్యాసం చేస్తాయి. స్విట్జర్లాండ్‌లోని సాస్‌ఫే గ్రామం 1,800 మీటర్ల ఎత్తున ఉన్నది, అక్కడి మంచు వాలులు 3,500 మీటర్లకు పైన. ఉదయం పైకి పోయి, మధ్యాహ్నానికి కిందికి వచ్చి, రాత్రి గ్రామంలో నిద్రిస్తారు. ఇందులో ఒక సౌకర్యం ఉన్నది. ఎత్తు చేసే చెరుపు ముఖ్యంగా నిద్రలో బయటపడుతుంది. అందుచేత నిద్రించే ఎత్తే లెక్కలోకి వస్తుంది. గుల్‌మర్గ్‌లోనూ రాత్రి మైదానంలోనే గడుస్తుంది గనుక మనకూ ఆ సౌకర్యం కొంతవరకు ఉన్నది. అయితే మన నిద్ర స్థానం వారి దానికంటె 850 మీటర్లు ఎక్కువ.

దేహం సర్దుకొనే విధానం

కొండ చేరిన కొద్ది నిమిషాలకే ఊపిరి వేగం, లోతు పెరుగుతాయి, గుండె వేగం హెచ్చుతుంది. ఎక్కువగా ఊపిరి విడవడం వల్ల రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గి, రక్తపు క్షారగుణం హెచ్చుతుంది. దీనిని మూత్రపిండాలు కొద్ది రోజులలో సరిదిద్దుతాయి. అంతవరకు రాత్రివేళ ఊపిరి కొంతసేపు వేగంగా సాగి, క్షణకాలం ఆగి, మళ్లీ మొదలవుతూ ఉంటుంది. నిద్ర చెదిరిపోతుంది. ఉదయం తరగతిలో శిష్యుడు మందకొడిగా ఉండడానికి ఇదొక కారణం.

తొలి రోజులలో రక్తంలోని నీటి భాగం తగ్గుతుంది. అందువల్ల రక్తం చిక్కబడి, పరీక్షలో హిమోగ్లోబిన్ హెచ్చినట్లు కనిపిస్తుంది. మూడవ రోజున వచ్చిన ఆ పెరుగుదలను చూసి కొత్త రక్తం పుట్టిందని సంతోషించడం నీరు ఇగిరిన పాలను చూసి పాలు చిక్కనివని మురిసిపోవడం వంటిది. కొత్త ఎర్రకణాలను పుట్టించమని ఎముకల మజ్జకు ఆదేశమిచ్చే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోను మూత్రపిండాల నుండి కొద్ది గంటలలోనే ఎక్కువగా స్రవించి, ఒకటి రెండు రోజులలో శిఖరానికి చేరుతుంది. కాని పంట చేతికి రావడానికి వారాలు పడుతుంది. తగినంత ఎత్తున గడిపిన ప్రతి 100 గంటలకు దేహంలోని మొత్తం హిమోగ్లోబిన్ సగటున ఒక శాతం మేరకు పెరుగుతుందని పరిశోధకుల అంచనా. రెండు వారాలనగా 336 గంటలు, మూడు శాతం చిల్లర. మూడు నాలుగు వారాలు ఉంటేనే చెప్పుకోదగిన ఫలితం కనిపిస్తుంది. కిందికి వచ్చిన తరువాత అదీ క్రమంగా కరిగిపోతుంది. అందువల్ల రెండు వారాల స్కీ శిబిరం వల్ల రక్తం బలపడి, మైదానంలో పరుగు మెరుగవుతుందని ఆశించడం అత్యాశ. ఆ శిబిరం స్కీయింగ్ నేర్వడానికే. ఎత్తు అక్కడ సాధనం కాదు, సహించవలసిన పరిస్థితి.

ఎత్తును సాధనంగా వాడే పద్ధతి వేరే ఉన్నది. అమెరికా పరిశోధకులు లెవిన్, స్ట్రే-గుండర్సన్ 1997లో ప్రకటించిన పరిశోధనలో దూరపు పరుగుల వారిని సుమారు 2,500 మీటర్ల ఎత్తున నివసింపజేసి, 1,250 మీటర్ల ఎత్తున పరుగెత్తించారు. పైన నివాసం వల్ల రక్తం బలపడింది, కింద అభ్యాసం వల్ల వేగం చెడలేదు. మన గుల్‌మర్గ్, శ్రీనగర్‌ల ఎత్తులు ఈ రెండు సంఖ్యలకు ఎంత దగ్గరగా ఉన్నవో పాఠకులు గమనించే ఉంటారు.

మొదటి ఆరు రోజులు

ఎత్తైన చోట్ల మానవ దేహం పడే బాధలను గూర్చి మన దేశపు సైనిక వైద్యులు చేసిన కృషి ప్రపంచ ప్రసిద్ధమైనది. లేహ్‌లో పనిచేసిన సైనిక వైద్యుడు మీనన్ ఊపిరితిత్తులలో నీరు చేరే వ్యాధికి గురైన 101 మంది రోగులను గూర్చి 1965లోను, ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది సైనికులలో కనిపించిన పర్వత అస్వస్థతను గూర్చి 1969లోను ప్రకటించిన వ్యాసాలు నేటికీ ఉదహరింపబడుతున్నవి. ఆ అనుభవం నుండే సైన్యంలో ఒక క్రమం ఏర్పడింది. 9,000 అడుగుల నుండి 12,000 అడుగుల వరకు గల ఎత్తుకు చేరినవారు ఆరు రోజులు సర్దుబాటుకు కేటాయించాలి. మొదటి రెండు రోజులు విశ్రాంతి, తరువాతి రెండు రోజులు సమతలంపై నడక, చివరి రెండు రోజులు కొద్దిపాటి ఎక్కుడు.

గుల్‌మర్గ్ ఎత్తు దాదాపు 8,700 అడుగులు. నియమపు గీతకు సరిగ్గా కిందనే ఉన్నది. అందుచేత అక్కడ నియమం వర్తించదని కొందరు వాదించవచ్చు. కాని గొండోలా మొదటి అంచెతోనే ఆ గీత దాటిపోతుంది. వాలు చేరిన మొదటి ఉదయమే స్కీలు కట్టించే ఆత్రం సహజమే, రోజులు తక్కువ, ఖర్చు ఎక్కువ. అయినప్పటికీ మొదటి రోజు శ్రీనగర్‌లోనో, తంగ్‌మర్గ్‌లోనో ఒక రాత్రి గడిపి, గుల్‌మర్గ్ చేరిన తరువాత మొదటి రెండు రోజులను సామగ్రి పరిచయానికి, పడి లేవడం నేర్వడానికి, సమతలంపై జారడానికి వినియోగించి, కొంగ్‌డూరీని ఐదవ రోజుకు, అఫర్వత్‌ను రెండవ వారానికి వాయిదా వేయడం శిబిరాన్ని నష్టపరచదు. పైగా రెండవ వారంలో ప్రతి రోజూ పూర్తిగా ఉపయోగపడుతుంది. పోటీల విషయంలోనూ ఇదే లెక్క. మైదానపు జట్టు రెండు వారాలు ముందుగా చేరాలి. అది సాధ్యం కానప్పుడు పోటీకి ముందు రోజు చేరడమే నయం. రెండవ, మూడవ రోజులలో పోటీ చేయడం అన్నిటికంటె చెడ్డది.

పర్వత అస్వస్థత సాధారణంగా 2,500 మీటర్లు దాటిన తరువాత, చేరిన 6 నుండి 12 గంటలలో తలనొప్పితో మొదలవుతుంది. వికారం, ఆకలి మందగించడం, తల తిరగడం, నీరసం తోడవుతాయి. ఎత్తైన చోట కలిగిన తలనొప్పిని మరొక కారణం రుజువయ్యేవరకు ఎత్తు వల్లనే కలిగినదిగా భావించాలి. అది ఉన్నంతవరకు ఇంకా పైకి పోరాదు. తగ్గకుండా ముదిరితే కిందికి దిగాలి. విశ్రాంతిలో కూడా ఆయాసం, ఎడతెగని దగ్గు ఉంటే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అనుమానించాలి. తిన్నగా ఒక గీత మీద నడవలేక తూలినట్లయితే మెదడు వాపు గూర్చి భయపడాలి. ఈ రెండింటికి తెల్లవారేవరకు వేచి ఉండడం తగదు. వెంటనే దింపడం, ప్రాణవాయువు ఇవ్వడం, వైద్యునికి చూపడం జరగాలి. గుల్‌మర్గ్ నుండి తంగ్‌మర్గ్‌కు 13 కిలోమీటర్ల రోడ్డు మార్గం ఉండడం ఈ విషయంలో పెద్ద అండ.

యువకులకు ఈ అస్వస్థత పెద్దలకంటె ఎక్కువగా వస్తుందని గాని, తక్కువగా వస్తుందని గాని చెప్పలేము. దాదాపు సమానమే. భేదమంతా ప్రవర్తనలో ఉన్నది. పదహారేళ్ల కుర్రవాడు తలనొప్పి అని చెబితే గదిలో కూర్చోబెడతారని భయపడి చెప్పడు. తోటివారు ఎగతాళి చేస్తారని చెప్పడు. కావున శిక్షకుడు అడగాలి, ప్రతి ఉదయం, ఒక్కొక్కరిని, అదే ప్రశ్న. జలుబు, దగ్గుతో వచ్చినవారిని మరింత జాగ్రత్తగా చూడాలి. ఊపిరితిత్తుల వ్యాధికి అది దారి తీయవచ్చు. వయస్సు స్వయంగా అడ్డంకి కాదనడానికి మన తెలుగు బాలికే నిదర్శనం. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 14 ఏళ్లు నిండకముందే, ఖమ్మం జిల్లా యువకుడు ఆనంద్ కుమార్‌తో కలిసి ఎవరెస్టు శిఖరం చేరింది. దాని వెనుక భువనగిరి బండలతో మొదలుపెట్టి, డార్జిలింగు, లడాఖ్ మీదుగా మెట్టుమెట్టుగా సాగిన నెలల తరబడి తర్ఫీదు ఉన్నది. ఆ మెట్లే ముఖ్యం.

పర్వతారోహకులు కొందరు ముందుజాగ్రత్తగా వాడే అసిటజోలమైడ్ అనే మాత్రను గూర్చి ఒక మాట. అది మూత్రాన్ని అధికం చేసే మందుల కోవకు చెందినది. ఆ కోవ అంతా ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉన్నది. పోటీలకు పోయే యువకుడు స్నేహితుడిచ్చిన మాత్రను వేసుకొన్నట్లయితే, ముందుగా వైద్య కారణాలపై అనుమతి పొందనిచో, దోషిగా నిలబడవలసి వస్తుంది. కొండదారిన పోయే యాత్రికునికి చెల్లినది క్రీడాకారునికి చెల్లదు.

ఆహారం విషయంలో దక్షిణాదివారు చింతించనవసరం లేదు. ఒక లీటరు ప్రాణవాయువుతో పిండిపదార్థాల నుండి సుమారు 5 కిలోకేలరీల శక్తి లభిస్తే, కొవ్వు నుండి సుమారు 4.7 మాత్రమే లభిస్తుంది. ప్రాణవాయువు కరవైన చోట అన్నమే పొదుపైన ఇంధనం. చలిగాలి పొడిగా ఉండి ఊపిరితో పాటు దేహపు నీటిని లాగివేస్తుంది, చలిలో దాహం తెలియదు. కాబట్టి వేడినీరు, చారు, పలుచని టీ తరచుగా తాగాలి. ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంటే, అతినీలలోహిత కిరణాలు 10 శాతానికి పైగా పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో అత్యధిక భాగాన్ని తిరగగొడుతుంది. మబ్బు పట్టిన రోజున కూడా కళ్లద్దాలు తీయరాదు.

రక్తమే మూలధనం

ఫిన్లాండ్‌కు చెందిన ఈరో మాంత్యురాంత 1964 ఇన్స్‌బ్రుక్ శీతకాల ఒలింపిక్స్‌లో క్రాస్‌కంట్రీ స్కీయింగ్‌లో వ్యక్తిగతంగా రెండు స్వర్ణాలు గెలిచాడు. అతని రక్తంలో హిమోగ్లోబిన్ అసాధారణంగా అధికమని ఆనాడే తెలుసు, అనుమానాలూ వచ్చినవి. దాదాపు మూడు దశాబ్దాల తరువాత, 1993లో, అతని కుటుంబంలో వంశపారంపర్యంగా వస్తున్న ఒక జన్యు భేదమే దానికి కారణమని శాస్త్రజ్ఞులు తేల్చారు. ప్రాణవాయువును మోసే రక్తం స్కీయింగ్‌లో ఎంత విలువైనదో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు. ఇక రెండవ వైపు చూద్దాం.

2019–21 సంవత్సరాల జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 19 ఏళ్ల బాలికలలో 59 శాతం మంది, అదే వయస్సు బాలురలో 31 శాతం మంది రక్తహీనులు. శిబిరానికి వచ్చేవారు వీరి నుండే వస్తారు. ఒక గ్రాము హిమోగ్లోబిన్ పూర్తిగా నిండినప్పుడు 1.34 మిల్లీలీటర్ల ప్రాణవాయువును మోస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 14 గ్రాముల హిమోగ్లోబిన్ గల బాలికకు దాని సామర్థ్యం దాదాపు 18.8 మిల్లీలీటర్లు. గుల్‌మర్గ్‌లో రక్తం సుమారు 92 పాళ్లే నిండుతుందనుకొంటే అది 17.3కు దిగుతుంది. ఇప్పుడు 10 గ్రాములే గల మరొక బాలికను తీసుకోండి. ఆమెకు తన ఊరిలోనే 13.4. గుల్‌మర్గ్‌లో 12.3. ఆరోగ్యవంతురాలి నుండి కొండ తీసుకొన్నది ఒకటిన్నర మిల్లీలీటర్లు. రెండవ ఆమె నుండి రక్తహీనత ఇంటివద్దనే తీసుకొన్నది ఐదున్నర. ఆమె వాలుమీద కూలబడితే ఆ నేరాన్ని మనం హిమాలయాల మీద వేస్తున్నాం.

అంతేకాదు, కొత్త ఎర్రకణాలకు ఇనుము కావాలి. ఇనుము నిలువ లేనివారికి హార్మోను ఎంత ఆదేశించినా మజ్జ ఏమీ చేయలేదు. ఎదిగే వయస్సులో దేహానికి ఇనుము అవసరం అసలే అధికం, ఋతుక్రమం వల్ల బాలికలకు మరింత అధికం. నేడు శిబిరాలలో చేరడానికి కోరే వైద్య ధ్రువపత్రంలో గుండె, ఊపిరితిత్తులు బాగున్నవని వ్రాయించుకొంటే చాలదు. హిమోగ్లోబిన్ అంకె, వీలైతే ఇనుము నిలువను తెలిపే ఫెరిటిన్ అంకె కూడా ఉండాలి. ఆ పరీక్ష ఏ జిల్లా ఆసుపత్రిలోనైనా, తక్కువ ఖర్చుతో జరిగేదే. లోటు తేలినట్లయితే వైద్యుని సలహాపై ఇనుప మాత్రలు మొదలుపెట్టాలి. వాటి ఫలితం రక్తంలో కనిపించడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది గనుక శిబిరం జనవరిలో ఉంటే రక్తపరీక్ష నవంబరు మొదటి వారానికే జరిగిపోవాలి. డిసెంబరు చివర రైలెక్కే ముందు జరిపే పరీక్ష ఆ బాలికకు ఉపయోగపడదు.